పొగాకు రుచి పరీక్ష

పొగాకు రుచి పరీక్ష అనగా ఎండి మాగిన పొగాకు ఆకును గాని, దానితో తయారైన పైపు మిశ్రమం, చుట్ట, సిగరెట్టు, నశ్యం మొదలైన వాటిని గాని కంటితో చూచి, చేతితో తాకి, వాసన పీల్చి, అవసరమైతే కాల్చి నాణ్యతను నిర్ణయించే పద్ధతి. ఈ పరీక్ష రెండు దశలలో జరుగుతుంది. మొదటిది ఆకు దశ. ఇందులో రైతు తెచ్చిన సరుకుకు తరగతి, ధర నిర్ణయమవుతాయి. రెండవది మిశ్రమ దశ. ఇందులో వేర్వేరు ఆకులను కలిపి, వాటికి తీపిని, సువాసనను చేర్చి తయారు చేసిన సరుకు కోరిన రుచిని ఇస్తున్నదా లేదా అని చూస్తారు.

ఆంధ్ర ప్రదేశ్‌లో, ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం, గోదావరి ప్రాంతాలలో, మొదటి దశ పరీక్ష వేలాది కుటుంబాల జీవనంతో ముడిపడి ఉన్నది. రైతు ఏడాది శ్రమకు విలువ కట్టేది కొనుగోలుదారుని కన్ను, ముక్కు, వేళ్ళే.

పదజాలం

ఈ వృత్తిలో వాడుకలో ఉన్న కొన్ని పదాలు:

* పదును: ఆకులో ఉండే తేమ స్థితి. పదునుకు వచ్చిన ఆకు చేతిలో విరగక, జిగటగా అంటుకోక మెత్తగా వంగుతుంది.
* ఘాటు: పొగ లేక వాసన ముక్కుకు, గొంతుకు తగిలే తీవ్రత. ఇది చాలావరకు నికోటిన్‌పై ఆధారపడుతుంది.
* మండె: ఎండిన ఆకును ఒకదానిపై ఒకటి పేర్చి వేసే కుప్ప. మండెలో పుట్టే వేడికి ఆకు మాగి, పచ్చివాసన పోతుంది.
* ఈనె: ఆకు మధ్యనుండే నరం. ఈనె పూర్తిగా ఎండకపోతే మండెలో బూజు పడుతుంది.
* బ్యారన్: వర్జీనియా ఆకును వేడి గాలితో క్యూరింగ్ చేసే గది.
* బేలు: కట్టి అమ్మకానికి తెచ్చే పొగాకు మూట.

చరిత్ర

పొగాకు అమెరికా ఖండాలకు చెందిన మొక్క. వంకాయ, టమాటా, మిరప మొక్కలు కూడా దీని కుటుంబానికి చెందినవే. దీనిని పోర్చుగీసువారు భారతదేశానికి తీసుకొని వచ్చారు. 17వ శతాబ్దపు తొలి దశకాలలోనే మచిలీపట్నం ప్రాంతంలో పొగాకు పండించేవారని ఆనాటి యూరోపియను వర్తకుల రాతల వలన తెలుస్తున్నది. నాటి నుండి చుట్టగా, నమలడానికి, నశ్యంగా, హుక్కాలో పీల్చడానికి పొగాకు వాడుకలోకి వచ్చింది.

పొగాకుకు సువాసన చేర్చే అలవాటు పాశ్చాత్యులది మాత్రమే కాదు. హుక్కా కోసం బెల్లపు పాకంతోను, పండ్ల గుజ్జుతోను, సుగంధ ద్రవ్యాలతోను కలిపి మాగబెట్టిన ఖమీరా పొగాకు ఉత్తర భారతంలోను, నవాబుల కొలువులలోను ప్రసిద్ధి చెందింది. దక్షిణాన నశ్యం తయారీలో పొగాకును వేయించి, పొడి చేసి, సున్నం, నెయ్యి కలిపేవారు. ఈ సరుకులన్నింటికీ మంచి చెడులను తేల్చే అనుభవజ్ఞులు ఉండేవారు.

1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఏర్పడింది. 1912లో ఆకు సేకరణ, అభివృద్ధి కొరకు గుంటూరు కేంద్రంగా ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పనిచేయనారంభించింది. 1920వ దశకంలో గుంటూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో వర్జీనియా రకం సాగు, బ్యారన్లలో క్యూరింగ్ మొదలయ్యాయి. దీనితో రంగును బట్టి, ఆకు మొక్కపై ఉన్న స్థానాన్ని బట్టి తరగతులు కట్టే పద్ధతి రైతులకు పరిచయమైనది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ స్థాపించబడింది. పొగాకు బోర్డు చట్టం 1975లో రాగా, 1976 జనవరి 1న గుంటూరు ప్రధాన కార్యాలయంగా పొగాకు బోర్డు ఏర్పడింది. 1980వ దశకం మధ్యలో బోర్డు ఆధ్వర్యంలో వేలం పద్ధతి అమలులోకి వచ్చింది.

ఆంధ్ర ప్రదేశ్‌లోని ముఖ్య రకాలు

* వర్జీనియా: బ్యారన్‌లో వేడి గాలితో ఎండించే ఆకు. నిమ్మపసుపు నుండి నారింజ రంగు వరకు ఉంటుంది. క్యూరింగ్ తొలి దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. అందువలన దీని పొగ తియ్యగా, కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది. సిగరెట్లకు, పైపు మిశ్రమాలకు ఇది మూలాధారం.
* బర్లీ: నీడలో గాలికి ఆరబెట్టే ఆకు. నెమ్మదిగా ఆరే క్రమంలో చక్కెర దాదాపు మొత్తం ఖర్చయిపోతుంది. ఆకు తేలికగా, గుల్లగా ఉండి చేర్చిన పాకాన్ని బాగా పీల్చుకుంటుంది. అందుచేత సువాసన మిశ్రమాలలో దీనికి గిరాకీ ఎక్కువ.
* నాటు: ఎండలో ఎండించే దేశవాళీ రకం.
* లంక పొగాకు: గోదావరి లంక భూములలో, వరద తీసిన తరువాత మిగిలే ఒండ్రు మట్టిలో పండే ఆకు. ఘాటైనది. చుట్టలకు ప్రసిద్ధి.

కొల్లూరు, లంక భూములు

కొల్లూరు తెనాలి, రేపల్లె పట్టణాలకు చేరువలో కృష్ణానది కుడి గట్టున ఉన్న మండల కేంద్రం. పూర్వం గుంటూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. పెసర్లంక, పోతార్లంక వంటి గ్రామాలు ఈ మండలంలోనివే. కొల్లూరు లంకలలో అరటి, పసుపు, కంద వంటి పంటలు ప్రధానం. కాలువ క్రింద వరి పండుతుంది. కనుక ఇది పొగాకు ప్రాంతం కాదు. అయితే కృష్ణా, గోదావరి లంకలు రెండింటిలోను నేల గుణం ఒక్కటే: వరద వచ్చినపుడు పంటను ముంచుతుంది, వెళ్ళినపుడు ఒండ్రును మిగులుస్తుంది. 2009 అక్టోబరు, 2019 ఆగస్టు, 2024 సెప్టెంబరు వరదలను చూచిన కొల్లూరు లంక వాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

లంక పొగాకు రుచిలోని ప్రత్యేకతకు ఈ ఒండ్రే కారణంగా భావిస్తారు. డెల్టా మాగాణికి పడమరగా ఉన్న నల్లరేగడి మెట్ట భూములలోను, ప్రకాశం జిల్లాలోని తేలిక నేలలలోను, పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా ఉత్తర భాగపు తేలిక నేలలలోను పండే ఆకులు రంగులోను, మందంలోను, వాసనలోను ఒకదానితో ఒకటి పోలవు. ఒకే విత్తనం వేసినా నేల మారితే రుచి మారుతుంది. పరీక్షకుడు మొదట నేర్వవలసిన పాఠం ఇదే.

ఆకు పరీక్ష

కొనుగోలుదారుడు ఆకును సాధారణంగా ఈ క్రింది గుణాలను బట్టి పరీక్షిస్తాడు.

రంగు: ఆకంతా ఒకే రంగులో ఉండాలి. పచ్చచారలు ఉన్నచో ఆకు పండకముందే కోశారని గాని, బ్యారన్‌లో పసుపు తిరగకముందే వేడి పెంచారని గాని అర్థం. గోధుమరంగు మచ్చలు ఉన్నచో తేమను సకాలంలో బయటకు పంపలేదని అర్థం.

మొక్కపై స్థానం: అడుగు ఆకులు పలుచగా, ఘాటు తక్కువగా ఉంటాయి. నడిమి ఆకులలో చక్కెర, నికోటిన్ సమపాళ్ళలో ఉంటాయి. చివరి ఆకులు మందంగా, నికోటిన్ ఎక్కువగా ఉంటాయి.

స్పర్శ: మంచి ఆకు వేళ్ళకు నునుపుగా, కొద్దిగా నూనె అంటినట్లు తగులుతుంది. కాగితంవలె గలగలలాడే ఆకులో సారం తక్కువ.

పదును: గుప్పెట్లో నొక్కి వదిలినపుడు నెమ్మదిగా విచ్చుకుంటే పదును సరిగా ఉన్నట్లు. ముద్దగా నిలిచిపోతే తేమ ఎక్కువ. అటువంటి ఆకు నిలువలో బూజు పడుతుంది. పొడిపొడిగా రాలితే తేమ తక్కువ.

వాసన: క్రొత్త ఆకులో ఎండుగడ్డి వాసన ఉంటుంది. మాగిన వర్జీనియాలో తేనె, ఎండుపండ్ల వంటి వాసన, బర్లీలో వేరుశనగ, కోకో వంటి వాసన వస్తాయని పరీక్షకులు వర్ణిస్తారు. బూజు, పొగచూరిన వాసన, కిరోసిన్ వంటి పరాయి వాసనలు ఉన్న ఆకును ప్రక్కన పెడతారు.

కాలే గుణం: ఆకు ముక్కను అంటించి మంట ఆర్పినపుడు నిప్పు ఆరకుండా సమంగా పాకుతూ పోవాలి. పొటాషియం ఎక్కువగా ఉన్న ఆకు బాగా కాలుతుంది. క్లోరైడు శాతం 1.5 దాటిన ఆకు కాలడానికి మొరాయిస్తుంది. అందుచేత ఉప్పు తగిలిన నీటితో పంటను తడపవద్దని శాస్త్రజ్ఞులు రైతులకు చెబుతారు. బావినీటిలోని దోషం నెలల తరువాత పొగలో బయటపడుతుంది.

వేలం కేంద్రంలో

వర్జీనియా పొగాకు పొగాకు బోర్డు వేలం కేంద్రాలలో అమ్ముడవుతుంది. బేళ్ళను వరుసలుగా పేర్చుతారు. కొనుగోలుదారులు వరుస వెంట నడుస్తూ, బేలులోనుండి ఆకులు లాగి చూచి, వాసన పీల్చి కిలోకు ధర చెబుతారు. ఒక్కొక్క బేలుకు దక్కే సమయం కొద్ది క్షణాలు మాత్రమే. రైతుల వాడుకలో సరుకు బ్రైట్, మీడియం, లో గ్రేడుగా విభజింపబడుతుంది. ధర నచ్చనిచో రైతు అమ్మకానికి నిరాకరించవచ్చును. కాని సరుకును తిరిగి తీసుకొని వెళ్ళడానికి, మరల తేవడానికి అయ్యే ఖర్చు, నిలువలో రంగు మారుతుందన్న భయం ఆ హక్కును చాలాసార్లు నామమాత్రం చేస్తాయి. తరువాతి కాలంలో ఎలక్ట్రానిక్ వేలం వచ్చి ధర చెప్పే విధానం మారినది గాని, ఆకును చూచే విధానం మారలేదు.

బర్లీకి ఈ వేలం రక్షణ లేదు. కంపెనీలు, వర్తకులు నేరుగా కొంటారు. 2025లో నల్ల బర్లీ పంట అవసరానికి మించి రావడంతో బాపట్ల, ప్రకాశం, గుంటూరు ప్రాంతాలలో ధర పడిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయవలసి వచ్చింది. గిరాకీ ఉన్న ఏడు నడిమి తరగతి ఆకు కూడా చెల్లుతుంది. గిరాకీ లేని ఏడు అదే ఆకులో వంద దోషాలు కనబడతాయి. కనుక నాణ్యత నిర్ణయం పూర్తిగా ఆకుపైనే ఆధారపడదు.

పైపు మిశ్రమాలు

పైపులో కాల్చే పొగాకు సాధారణంగా పలు ఆకుల మిశ్రమం. దీనిలో వాడే ముఖ్యమైన ఆకులు:

* వర్జీనియా: తీపికి.
* బర్లీ: ఒడలికి, సువాసనను పట్టి ఉంచడానికి.
* ఓరియంటల్: టర్కీ, గ్రీసు ప్రాంతాలలో ఎండలో ఎండించే చిన్న ఆకు. మసాలా వంటి వాసనకు.
* లటాకియా: సిరియాలోని రేవుపట్టణం పేరు కలది. కట్టెల పొగలో మాగబెట్టిన ఆకు. తరువాతి కాలంలో సైప్రస్ నుండి వచ్చేది.
* పెరిక్: అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పీపాలలో ఒత్తిడి క్రింద పులియబెట్టే ఆకు. మిరియాల ఘాటు, ఎండుపండ్ల పులుపు దీని లక్షణాలు.
* కావెండిష్: ఇది ఆకు రకం కాదు, తయారీ పద్ధతి. ఆకును ఆవిరి పట్టి, తీపి చేర్చి, ఒత్తి ఉంచుతారు.

సువాసన రెండు దశలలో చేరుస్తారు. మొదటిది పాకం పట్టుట. చక్కెర, అతిమధురం, కోకో వంటివి నీటిలో కలిపి, కోయడానికి ముందే ఆకుకు పట్టిస్తారు. దీని ఉద్దేశం ఆకులోని కరుకుదనాన్ని తగ్గించడం. రెండవది పైపూత. వెనిల్లా, రమ్ము, చెర్రీ వంటి సుగంధాలను కోసిన పొగాకుపై చివరలో చల్లుతారు. తేమ నిలుపుటకు గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వాడతారు. పాకం ఆకు గుణాన్ని సరిదిద్దుతుంది. పైపూత దానిని కప్పుతుంది. నాసి ఆకును దట్టమైన పైపూతతో అమ్మడం సాధ్యమే. కనుక సువాసన మిశ్రమాన్ని పరీక్షించేవాడు పూత క్రింద ఉన్న ఆకు ఎటువంటిదో తేల్చగలగాలి.

మిశ్రమాన్ని పరీక్షించే విధానం

1. నమూనాలకు పేర్లు తీసివేసి అంకెలు వేస్తారు. పేరు, డబ్బా, ధర తెలిసినచో తీర్పు వాటివైపు మొగ్గుతుంది.
2. నమూనాలన్నింటినీ ఒకే తేమకు తెస్తారు. తడి పొగాకు ఆవిరితో నాలుకను కాలుస్తుంది. మరీ పొడి పొగాకు వేగంగా కాలి సువాసనను కోల్పోతుంది.
3. డబ్బా తెరచిన వెంటనే ఒకసారి, కొంతసేపు గాలి తగిలిన తరువాత మరొకసారి వాసన చూస్తారు. మొదటి వాసన పైపూతది. రెండవ వాసనలో ఆకు బయటపడుతుంది.
4. ఒక్కొక్క నమూనాకు వేరు పైపు వాడతారు. బ్రయర్ కొయ్య పైపు పాత పొగాకు వాసనను పట్టి ఉంచుతుంది. అందువలన పరీక్షలకు మట్టి పైపు మేలు.
5. పైపు గిన్నెను మూడు భాగాలుగా భావించి ఒక్కొక్క భాగానికి విడిగా గుర్తులు వ్రాస్తారు. పైపూత మొదటి భాగంలోనే హరించుకుపోయి, అడుగు భాగం చేదెక్కినచో ఆ మిశ్రమం లోపభూయిష్టం.
6. నమూనాకు, నమూనాకు మధ్య నీరు త్రాగి, విరామం ఇస్తారు. ఒకే కూర్చోవడంలో రెండు మూడింటికి మించి పరీక్షించరు. ముక్కు అలసిపోతుంది.

రెండు మిశ్రమాల మధ్య తేడా నిజంగా ఉన్నదా అని తేల్చడానికి మూడింటి పరీక్ష ఉన్నది. ఇందులో రెండు ఒకే రకం, ఒకటి వేరు రకం నమూనాలు ఇచ్చి వేరైనదానిని గుర్తించమంటారు. ఊరక ఊహించినా మూడింట ఒక వంతు సరిపోతుంది గనుక, పరీక్షను పలుమార్లు, పలువురితో జరిపి, ఊహకు మించి సరైన జవాబులు వచ్చినపుడే తేడా ఉన్నదని ఒప్పుకుంటారు.

పైపు పోటీలలో జరిగేది దీనికి భిన్నం. అంతర్జాతీయ పోటీలలో ప్రతివారికి 3 గ్రాముల పొగాకు, రెండు అగ్గిపుల్లలు ఇస్తారు. ఎక్కువసేపు ఆరకుండా కాల్చినవారు గెలుస్తారు. అక్కడ పరీక్ష మనిషి నేర్పుకే గాని పొగాకు రుచికి కాదు.

రుచి తెలిసే తీరు

నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రసం వంటి ఉమామి మాత్రమే తెలుస్తాయి. వెనిల్లా, కోకో, ఎండుద్రాక్ష వంటి వర్ణనలన్నీ వాసనకు సంబంధించినవి. నోటిలోని పొగ గొంతు వెనుకనుండి ముక్కులోకి చేరినపుడు అవి తెలుస్తాయి. ఘాటు రుచీ కాదు, వాసనా కాదు. మిరపకాయ మంటను తెలిపే త్రిధార నాడియే దీనిని కూడా తెలుపుతుంది.

చుట్టకు, సిగరెట్టుకు గల తేడా కూడా ఇక్కడే ఉన్నది. చుట్ట పొగ క్షార గుణం కలది. అందులోని నికోటిన్ నోటి పొరల ద్వారానే రక్తంలోకి చేరుతుంది. వర్జీనియా సిగరెట్టు పొగ ఆమ్ల గుణం కలది. అది ఊపిరితిత్తులలోకి పీల్చినపుడే నికోటిన్ బాగా చేరుతుంది.

సిగరెట్ల కొరకు పొగ పీల్చే యంత్రాలు కూడా ఉన్నవి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అవి నిమిషానికి ఒకసారి, రెండు సెకన్లలో 35 మిల్లీలీటర్ల పొగను లాగుతాయి. వీటివలన తారు, నికోటిన్ కొలతలు తెలుస్తాయి గాని రుచి తెలియదు. మనుషులు ఆ లెక్కన పీల్చరు గనుక ఆ కొలతలు వారి శరీరంలోకి వెళ్ళే మోతాదును కూడా చెప్పవు.

ఆరోగ్యం, చట్టం

పొగ రుచి ఎంత మృదువుగా ఉన్నా హాని తగ్గదు. పైపు, చుట్ట కాల్చేవారికి పెదవి, నోరు, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఉత్తరాంధ్రలో నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డచుట్ట అలవాటు వలన, ముఖ్యంగా స్త్రీలలో, అంగిటి క్యాన్సర్ వస్తున్నదని వైద్య పరిశోధనలు తెలిపాయి. వృత్తిరీత్యా పొగను రుచి చూచేవారికి కూడా ఈ ముప్పు తప్పదు.

పొగ త్రాగనివారు సైతం సురక్షితులు కారు. తడి ఆకును కోసే కూలీలకు చర్మం ద్వారా నికోటిన్ చేరి తలతిప్పు, వాంతులు కలుగుతాయి. దీనిని పచ్చి పొగాకు జబ్బు అంటారు. తరగతులు కట్టే కూలీలు గంటల తరబడి పొగాకు ధూళిని పీలుస్తారు.

సువాసన చేర్చిన పొగాకు క్రొత్తవారిని, ముఖ్యంగా యువకులను, అలవాటులోకి దింపుతుందన్న కారణంగా పలు దేశాలు ఆంక్షలు విధించాయి. అమెరికా 2009లో మెంథాల్ మినహా ఇతర సువాసనల సిగరెట్లను నిషేధించింది. ఆ నిషేధం పైపు పొగాకుకు వర్తించలేదు. ఐరోపా సమాఖ్యలో 2020 మే నుండి మెంథాల్ సిగరెట్ల అమ్మకం కూడా ఆగిపోయింది. భారతదేశంలో 2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను, 18 ఏళ్ళలోపు వారికి అమ్మకాన్ని నిషేధిస్తుంది. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగడంపై నిబంధనలు 2008 అక్టోబరు 2 నుండి కట్టుదిట్టం చేయబడ్డాయి.

సాహిత్యంలో

గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకంలో గిరీశం పాత్ర పొగ త్రాగడాన్ని హాస్యంగా సమర్థిస్తుంది. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో వెలువరించిన ది సైన్ ఆఫ్ ఫోర్ నవలలో షెర్లాక్ హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదలపై తాను వ్రాసిన గ్రంథాన్ని ప్రస్తావిస్తూ, ఉదాహరణగా భారతదేశపు లంకా చుట్టను పేర్కొంటాడు. ఈ లంకా మరేదో కాదు, గోదావరి లంకల పొగాకే. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఈ పదాన్ని గోదావరి డెల్టా లంకలకు చెందినదిగా వివరించింది. ఆ విధంగా మన లంక పేరు ఒక ఘాటైన చుట్ట రూపంలో ఇంగ్లీషు భాషలో చేరింది.

ఇవి కూడా చూడండి

* పొగాకు
* చుట్ట
* నశ్యం
* పొగాకు బోర్డు
* లంక భూములు
* కొల్లూరు